ఇల్లే బడి అయితే?

టెక్సాస్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ గుంటూరు జిల్లాయే. ఆయనది కంప్యూటరు ఉద్యోగం. ఆమె అక్కడ ఒక మందుల షాపులో పని చేస్తున్నారు. తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి. ఉత్తరం సారాంశమిది: "మేము వెళ్ళే చర్చిలో చాలా కుటుంబాల వారు పిల్లల్ని బడికి పంపరు. తల్లులే ఇంట్లో చదువు చెబుతారు. చదువూ, భక్తీ కలిపి నేర్పుతారు. ఆ పిల్లల వినయం చూస్తే ముచ్చటేస్తుంది. మా పిల్లలకూ అలాగే చెప్పుకుంటే బాగుండునని నాకున్నది. మావారు 'నీ ఇష్టం' అంటారు. మా అత్తగారు మాత్రం, 'చక్కగా చదువుకునే పిల్లల్ని బడి మాన్పించడమేమిటమ్మా!' అని ఫోనులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మేము చేయదలచింది ఒప్పా, తప్పా?"

ఒప్పా తప్పా అన్నది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. ఒక ఇంటికి అమృతమైనది మరో ఇంటికి అజీర్తి చేయవచ్చు. అంచేత ఈ వారం ఈ పేజీ అంతా దీనికే కేటాయిస్తున్నాను. అమెరికాలో ఉన్నవారికే కాదు, ఇక్కడ హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చుని "ఈ బళ్ళూ, ఈ ఫీజులూ, ఈ రాంకులూ మనకెందుకు, ఇంట్లోనే చెప్పుకుంటే పోదూ?" అనుకునే తల్లిదండ్రులకూ కొంత పనికి వస్తుంది.

ఇది కొత్త వింత కాదు

ఇంట్లో చదువు చెప్పడం నిన్న మొన్నటి విడ్డూరమని కొందరనుకుంటారు. నిజానికి వింత బడిదే. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఉదయం సంచి తగిలించుకుని ఒకే వేళకు ఒకే చోటికి వెళ్ళడమన్నది లోకంలో బాగా ఇటీవలి అలవాటు. అంతకు ముందు తల్లో, తాతో, ఇంటికి వచ్చే అయ్యవారో అక్షరాలు దిద్దించేవారు.

క్రైస్తవ కుటుంబాల వారు ఈ విషయంలో ముందుగా తలచుకునే తల్లి ఒకావిడ ఉన్నది. మెథడిస్టు సంఘాన్ని నెలకొల్పిన జాన్ వెస్లీకి తల్లి, సుజానా వెస్లీ. 1669లో పుట్టి 1742లో పోయింది. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే పల్లెలో పాదిరీ గారి భార్య. పంతొమ్మిది కాన్పులు; తొమ్మండుగురు పసితనంలోనే పోయారు. మిగిలిన పదిమందికీ అక్షరాలు నేర్పింది ఆవిడే. ఐదేళ్ళు నిండిన మర్నాడు పిల్లను కూర్చోబెట్టి, ఒక్క రోజులో అక్షరమాల అంతా వచ్చేట్టు చేసేదట. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది! రెండో రోజు నుంచి బైబిలు మొదటి అధ్యాయమే వాచకం. ప్రొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. ఆ వేళల్లో ఎవరూ గదిలోకి రాకూడదు, ఎవరూ గదిలో నుంచి లేవకూడదు. ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా ఇంటి పనికి పెట్టకూడదని ఆమె నియమం. ఈ పద్ధతంతా 1732లో కొడుక్కి ఉత్తరంగా వ్రాసింది.

ఇంతవరకూ అందరూ చెబుతారు. రెండు సంగతులు మాత్రం చెప్పడం మరచిపోతారు. ఒకటి: ఆవిడ వారానికొక సాయంకాలం ఒక్కొక్క పిల్లకని కేటాయించి, ఆ బిడ్డతో ఒంటరిగా కూర్చుని మాట్లాడేది. జాన్‌ది గురువారం. రెండు: కొడుకులు కాస్త ఎదగగానే బళ్ళకు పంపివేసింది. 1714లో జాన్ లండన్‌లోని చార్టర్‌హౌస్ బడిలో చేరాడు. 1716లో చార్లెస్ వెస్ట్‌మినిస్టర్ బడికి వెళ్ళాడు. ఆడపిల్లలకు ఆ రోజుల్లో అటువంటి బళ్ళు లేవు గనుక వారికి ఇల్లే గతి అయింది. అంటే, ఇంటి చదువుకు ఆదర్శంగా చెప్పే ఆ తల్లి కూడా బడికి శత్రువు కాదు. ఏ వయసుకు ఏది కావాలో అది చూసింది.

మన పాఠకులకు బాగా తెలిసిన పెరల్ బక్ కూడా అటువంటి బిడ్డే. ఆమె తల్లిదండ్రులు చైనాలో మిషనరీలు. తల్లి ఉదయం ఇంగ్లీషు చదువు చెప్పేది. మధ్యాహ్నం ఒక చైనా పండితుడు వచ్చి ఆ దేశపు భాషా, శాస్త్రాలూ చెప్పేవాడు. ఆ రెండు చదువుల కలయిక వల్లనే చైనా రైతుల జీవితం అంత చక్కగా వ్రాయగలిగింది. 1938లో నోబెల్ బహుమానం అందుకున్నది. అమెరికాలో బాల్టిమోరు నగరంలోని కాల్వర్ట్ స్కూలు వారు 1906 నుంచి పాఠాలను పోస్టులో పంపడం మొదలుపెట్టారు. దూర దేశాల్లో ఉన్న మిషనరీ కుటుంబాలెన్నో ఆ పాఠాలతోనే పిల్లల్ని పైకి తెచ్చుకున్నాయి.

అమెరికాలో మళ్ళీ ఎలా వచ్చింది?

ఇరవయ్యో శతాబ్దం సగానికి అమెరికాలో బడి తప్పనిసరి. ఇంట్లో ఉంచుకుంటే కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల్ని కోర్టుకు ఈడ్చేవారు. రెండు వైపుల నుంచి రెండు గాలులు వీచి ఆ పరిస్థితి మారింది.

మొదటిది మతంతో సంబంధం లేని గాలి. జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు 1964లో పిల్లలు బడిలో ఎందుకు విఫలమవుతారో ఒక పుస్తకం వ్రాశాడు. పిల్లలకు చదువు మీద కాదు, బడి భయం మీదే ధ్యాస అన్నాడు. 1977లో ఇంట్లో చదువు చెప్పుకునేవారి కోసం ఒక చిన్న పత్రిక పెట్టాడు. రెండోది క్రైస్తవ గాలి. 1962లోనూ, 1963లోనూ అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ బళ్ళలో బడివారే ప్రార్థన చేయించడం, బైబిలు పఠనం చేయించడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. పిల్లవాడు తనంత తాను ప్రార్థించుకోవడానికి అడ్డేమీ లేదు. చేయించకూడదన్నది మాత్రమే తీర్పు. అయినా చాలామంది భక్తులకు బడి పరాయిదైపోయినట్టు తోచింది. ఆ సమయంలో రేమండ్ మూర్, డొరొతీ మూర్ అనే దంపతులు, పసిపిల్లల్ని తొందరపడి బడిలో వేయవద్దు, కొన్నాళ్ళు ఆలస్యమైనా నష్టం లేదు అని 1975లో పుస్తకం వ్రాశారు. 1983లో ఇంటి చదువు కుటుంబాల తరఫున కోర్టుల్లో వాదించేందుకు ఒక సంఘం ఏర్పడింది. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇది చట్టసమ్మతమైంది.

2016లో అక్కడి ప్రభుత్వం వేసిన లెక్కలో సుమారు 17 లక్షల మంది పిల్లలు, అంటే బడి ఈడు పిల్లల్లో నూటికి 3.3 మంది, ఇంట్లోనే చదువుతున్నారని తేలింది. "అన్నిటికన్నా ముఖ్యమైన కారణమేమిటి?" అని తల్లిదండ్రుల్ని అడిగారు. భక్తిబోధ కోసమన్నవారు నూటికి పదహారుమందే. బడి వాతావరణం – అంటే భద్రత, మత్తు పదార్థాలు, తోటి పిల్లల సావాసం – బాగాలేదన్నవారు ముప్ఫై నలుగురు. చదువు బాగాలేదన్నవారు పదిహేడుగురు. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు ఇళ్ళలో చదువు చెప్పుకునే కుటుంబాల పాలు, సెన్సస్ వారి లెక్క ప్రకారం, ఆ వేసవి ముందు నూటికి 5.4 ఉన్నది శరదృతువుకు 11.1 అయింది. కనుక "ఇంటి చదువు" అంటే ఒకే రకం మనుష్యులు, ఒకే రకం కారణం అనుకోనక్కరలేదు.

అత్తగారి కన్నీళ్ళ వెనుక

ఇప్పుడు గుంటూరులోని అత్తగారి మాట. పెద్దావిడకు కొత్తవి తెలియక ఏడ్చిందని కొట్టిపారేయకండి. ఆమె కన్నీళ్ళ వెనుక నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్నది.

1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చాడు. 1866లో ఒంగోలుకు క్లౌ దొర వచ్చాడు. వీరి మతం సంగతి అలా ఉంచండి. ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని కులాల పిల్లలకు, అందులో ఆడపిల్లలకు, పలక చేతికిచ్చినవి ఈ బళ్ళు. మిషను బడిలో అక్షరాలు నేర్చి, ట్రైనింగు అయి, పంతులమ్మో నర్సో అయిన మొదటి తరం ఆడవారు ఎన్ని ఇళ్ళను నిలబెట్టారో కోస్తా జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. అటువంటి ఇంట్లో పుట్టినవారికి బడి అంటే గోడలూ బల్లలూ కాదు. మనిషిగా తలెత్తుకున్న చోటు.

అమెరికా క్రైస్తవుడి అనుభవం వేరు. అతనికి బడి తాతల నాటి నుంచీ ఉన్నదే. తన చేతుల్లోంచి జారిపోయిందన్నది అతని బాధ. మనవారికి బడి అందక అందక అందినది. మళ్ళీ జారిపోతుందేమోనన్నది మన భయం. ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నా ఈ రెండు కథలూ ఒకటి కావు. పక్కింటి వారు చేస్తున్నారని మనమూ చేసే ముందు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది. అత్తగారికి జవాబు చెప్పేటప్పుడు కూడా "మీకు తెలియదు లెండి" అనకుండా, "పిల్లల చదువు ఆగదు అత్తయ్యా; ఎలా సాగుతుందో ప్రతి నెలా మీకు చూపిస్తాము" అనండి. ఆవిడ మనసు కుదుటపడుతుంది. మీకూ ఒక పరీక్షాధికారి దొరుకుతుంది!

ముందు చట్టం

మనసు చేసుకునే ముందు మీరున్న చోట చట్టమేమిటో కనుక్కోవాలి. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడి క్రిందే లెక్కిస్తారు. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఈ మాట ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం – ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు. రిజిస్ట్రేషనూ లేదు, పరీక్షా లేదు. ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లను మాన్పించేటప్పుడు మాత్రం బడివారికి తెలియజేయాలి. న్యూజెర్సీలోనూ ఇంచుమించు ఇంతే స్వేచ్ఛ. న్యూయార్కులో అలా కాదు: ఏడాది పాఠాల ప్రణాళిక ముందుగా ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక, ఏడాది చివర పరీక్షో పరిశీలనో. పెన్సిల్వేనియాలో ప్రమాణపత్రం, పిల్లల వ్రాతల దస్తరం, పరిశీలకుడి సంతకం. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షలు. ఉద్యోగం మారి రాష్ట్రం మారితే చట్టమూ మారుతుందని జ్ఞాపకం ఉంచుకోండి.

జర్మనీలో అసలు కుదరదు. బడికి పంపి తీరాలి. ఒక క్రైస్తవ కుటుంబం తమ మతవిశ్వాసాన్ని చూపి ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళితే, 2006లో వారి ఫిర్యాదును స్వీకరించలేదు. పిల్లలు సమాజంలో అందరితో కలిసి పెరగడం కూడా చదువులో భాగమేనన్న జర్మనీ వాదనను ఒప్పుకున్నారు. అక్కడ ఉద్యోగాలకు వెళ్ళే మనవారు ఇది తెలుసుకుని వెళ్ళాలి.

మన దేశంలో 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని అందులో ఉన్నది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం ఏదీ చెప్పలేదు. ఇంట్లో చదివిన పిల్లలు పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్షకూ, తర్వాత ఇంటరు స్థాయి పరీక్షకూ కూర్చోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూళ్ళున్నాయి. అమెరికా నుంచి తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవారు ఒక్క కాగితం కూడా పారేయకూడదు. చిన్న తరగతుల్లో ఈడును బట్టి చేర్చుకుంటారు గాని, పై తరగతులకు వచ్చేసరికి "ఇదివరకటి బడి సర్టిఫికెట్లేవీ?" అని గట్టిగా అడుగుతారు.

మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్నలు

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఇల్లు ఒప్పుకోవాలని లేదు. దంపతులిద్దరూ ఒక సాయంకాలం తీరిగ్గా కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి. జవాబులు కాగితం మీద పెట్టండి. నోటి జవాబులకు సర్దుబాటు ఎక్కువ.

మొదటిది: దేని కోసం? పారిపోవడానికా, చేరుకోవడానికా? బడిలో ఎవరో ఏడిపిస్తున్నారనో, టీచరు మంచిది కాదనో అయితే ముందు ఆ బడితో మాట్లాడవచ్చు, బడి మార్చవచ్చు. భయం మీద కట్టిన బడి ఎక్కువ కాలం నిలవదు. ఆ భయం పోగానే ఉత్సాహమూ పోతుంది. "మా పిల్లకు ఇది నేర్పాలి, ఇలా పెంచాలి" అన్న స్పష్టమైన కోరిక ఉంటే అది వేరు.

భక్తి కోసమే అయితే ఇంకొక్క మాట. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయాన్ని చూపి, పిల్లలకు బోధించే బాధ్యత తల్లిదండ్రులదేనని ఇంటి చదువు వారు చెబుతారు. నిజమే. కాని ఆ మాట బడివేళలకు మాత్రమే చెప్పినది కాదు; లేచినది మొదలు పడుకునేదాకా అన్ని వేళలకూ చెప్పినది. పిల్లల్ని బడికి పంపి సాయంకాలం కుటుంబ ప్రార్థన చేసుకునే ఇంటికీ అది వర్తిస్తుంది. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని, వారి మాటలు వింటూ, ప్రశ్నలు వేశాడని లూకా వ్రాసిన సువార్తలో ఉన్నది. తల్లిదండ్రులు కాని గురువుల దగ్గర నేర్చుకోవడం భక్తికి విరుద్ధమైతే ఆ ఘట్టం ఉండేది కాదు. ఇంటి చదువు ఒక మార్గం. మోక్షానికి షరతు కాదు. అలా కాదని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే, ఆ భయాన్ని చూసి నిర్ణయించుకోవద్దు.

రెండోది: ఎవరు చెబుతారు? "మేము" అని వ్రాయడం తేలిక. నూటికి తొంభై ఇళ్ళలో "మేము" అంటే అమ్మే. ఆమె ఉద్యోగం మానాలి. జీతం పోతుంది, సర్వీసు పోతుంది, పదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. ఒక్క జీతం మీద, అందులో వీసా మీద ఆధారపడిన కుటుంబమైతే, ఆ ఒక్క ఉద్యోగానికి ఏమైనా అయితే ఏమిటన్నదీ ఆలోచించుకోవాలి. ఉదయం పంతులమ్మ, మధ్యాహ్నం వంటమనిషి, రాత్రి అమ్మ – ఈ మూడు వేషాలూ ఒకే మనిషి వేస్తుంటే పిల్లలకు అమ్మ ఏ క్షణాన దొరుకుతుందో తెలియకుండా పోతుంది. భర్త "నీ ఇష్టం" అనడం సమ్మతి కాదు, తప్పించుకోవడం. "లెక్కలూ సైన్సూ నేను చెబుతాను, శనివారం వంట నాది" అంటే అది సమ్మతి.

మూడోది: మీకు చెప్పే ఓపిక ఉన్నదా? బి.ఏ., బి.యస్సీ. పట్టాలు కావు, ఓపిక. పరాయి పిల్లకు పదిసార్లు చెప్పగలిగిన మనిషి కన్నబిడ్డకు రెండోసారి చెప్పేసరికి గొంతు పెంచడం చూస్తూనే ఉన్నాము. హోమ్‌వర్కు దగ్గర మీ ఇంట్లో రోజూ యుద్ధమైతే, ఆ యుద్ధాన్ని ఆరు గంటలకు పెంచుకోవడమెందుకు?

నాలుగోది: ఏ పుస్తకాలు? క్రైస్తవ ఇంటి చదువు కోసమని అచ్చయిన పాఠ్యపుస్తకాలు అమెరికాలో చాలా ఉన్నాయి. భాషకూ, లెక్కలకూ మంచివి దొరుకుతాయి. జీవశాస్త్రం దగ్గరే జాగ్రత్త అవసరం. కొన్ని పుస్తకాలు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు అంగీకరించిన పరిణామవాదాన్ని కొట్టివేస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు అటువంటి కొన్ని పుస్తకాలతో చెప్పిన కోర్సులను ప్రవేశానికి లెక్కలోకి తీసుకోమన్నారు. క్రైస్తవ బళ్ళవారు దావా వేశారు. 2008లో ఫెడరల్ కోర్టు విశ్వవిద్యాలయం పక్షానే తీర్పు చెప్పింది. 2010లో పైకోర్టూ సమర్థించింది. మీ పిల్ల రేపు డాక్టరో, మీలాగే ఫార్మసిస్టో కావాలనుకుంటే, ఆనాడు అడ్డురాని చదువే ఈనాడు చెప్పాలి. దేవుడి మీద నమ్మకమూ, విజ్ఞానశాస్త్రమూ రెండూ ఒకే మనసులో ఉంచుకున్న శాస్త్రజ్ఞులు ఎందరో ఉన్నారు. బిడ్డను ఆ రెంటిలో ఒకటి ఎంచుకోమని బలవంతపెట్టనక్కరలేదు.

ఐదోది: సావాసం. "ఇంట్లో ఉన్న పిల్ల నలుగురిలో కలవదు" అని అందరూ అనే మాట పూర్తిగా నిజం కాదు. నాలుగైదు కుటుంబాలు కలిసి వారానికి రెండు రోజులు ఒక చోట పాఠాలు చెప్పుకునే ఏర్పాట్లు అమెరికాలో ఊరూరా ఉన్నాయి. ఫ్లారిడాలో ఇంట్లోనే చదువుకున్న టిమ్ టీబో, చట్టం ఇచ్చిన వీలుతో ప్రభుత్వ బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. 2007లో కళాశాల ఆటగాళ్ళకిచ్చే అతి పెద్ద బహుమానం హైస్మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు. అతని తల్లిదండ్రులు మిషనరీలు. కాని ఆ సావాసమంతా ఒకే చర్చి వారితోనే అయితే అది సావాసం కాదు, అద్దంలో చూసుకోవడం. మన ఇంటి నమ్మకం లేని పిల్లలతోనూ ఆడుకుని, పోట్లాడుకుని, రాజీపడడం మన బిడ్డ నేర్చుకోవాలి. మన పిల్లల రంగూ, మాటా వేరైన దేశంలో ఇది మరీ అవసరం.

ఆరోది: బయటివారి కన్ను. బడిలో టీచరుంటుంది, నర్సుంటుంది, పక్క బెంచీ పిల్ల ఉంటుంది. బిడ్డ చిక్కిపోయినా, చదువులో వెనుకబడినా, మనసులో కుమిలినా ఎవరో ఒకరు చూస్తారు. ఇంట్లో ఆ కన్ను మూతపడుతుంది. ఇంటి చదువులోనే పెరిగి పెద్దవారైన కొందరు 2013లో అమెరికాలో ఒక సంఘం పెట్టి, ఇంట్లో చదివే పిల్లల బాగోగులు చూసే కట్టుబాట్లు చట్టంలో ఉండాలని అడుగుతున్నారు. వారు ఇంటి చదువును నిషేధించమనడం లేదు. చట్టం అడగకపోయినా మీరే ఏర్పాటు చేసుకోండి: ఏడాదికోసారి బయటి పరీక్ష, డాక్టరు చేత పరీక్ష, బిడ్డ మనసు విప్పి మాట్లాడగల ఒక పెద్ద మనిషి – పిన్నో, సంగీతం టీచరో, ఎవరైనా సరే.

ఏడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. అది మీ ఇద్దరూ వేసుకునేది కాదు, పిల్లను అడగవలసినది. సోదరీ, మీ నాలుగు పేజీల ఉత్తరంలో చర్చి వారేమన్నారో ఉన్నది, మీవారేమన్నారో ఉన్నది, అత్తగారేమన్నారో ఉన్నది. తొమ్మిదేళ్ళ అమ్మాయి ఏమన్నదో ఒక్క ముక్కా లేదు. "అమ్మాయి బడిలో బాగా చదువుతుంది, స్నేహితురాళ్ళతో సరదాగా ఉంటుంది" అని మాత్రం మూడో పేజీలో ఒక మూల వ్రాశారు. "అబ్బాయికి ఇంకా చదవడం సరిగ్గా రావడం లేదు, బడి అంటే ఏడుస్తాడు" అని దాని క్రిందే ఉన్నది. నాకైతే మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు వాక్యాల్లోనే కనిపిస్తున్నది.

ఇద్దరికీ ఒకే మందు వద్దు

మందుల షాపులో పనిచేసే మీకు నేను చెప్పాలా? ఒకే ఇంట్లో ఇద్దరికి జ్వరం వచ్చినా మోతాదు ఒకటి కాదు. సుఖంగా ఉన్న అమ్మాయిని లేవదీసి ఇంట్లో కూర్చోబెట్టడానికి మీ ఉత్తరంలో కారణమేదీ కనపడలేదు. ఆమెను బడిలోనే ఉంచండి. సాయంకాలం అరగంట ప్రార్థనకూ, అరగంట తెలుగుకూ కేటాయించండి. మీ అమ్మమ్మ పాడిన క్రైస్తవ కీర్తనలు తెలుగు లిపిలో చదివి పాడగలిగితే, భక్తీ భాషా రెండూ ఒకే పళ్ళెంలో పెట్టినట్టే. వెస్లీ తల్లి చేసినట్టు వారానికొక సాయంకాలం ఆమె ఒక్కదానితో కూర్చుని మాట్లాడండి. దీనికి బడి మాన్పించనక్కరలేదు.

అబ్బాయి సంగతి ఆలోచించవలసినదే. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. అక్షరాలు కుదరకపోవడానికి డిస్లెక్సియా వంటి ఇబ్బంది ఉన్నదేమో నిపుణులకు చూపించండి. ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లలకు ఈ పరీక్షలు ఉచితంగా చేయించే బాధ్యత అమెరికా చట్టం బడివారి మీదే పెట్టింది గనుక, మాన్పించక ముందే అడగడం తెలివైన పని. ఆ తర్వాత కూడా బడి పడకపోతే, ఒక్క ఏడాది ఇంట్లో నెమ్మదిగా చెప్పి చూడవచ్చు. ఉద్యోగం మానివేయకుండా, రోజులు తగ్గించుకోవడానికి వీలుందేమో అడగండి. అంతకన్నా ముందు ఈ వేసవి సెలవుల్లో ఆరు వారాలు, రోజుకు రెండు గంటలు, ఒక పట్టికతో చెప్పి చూడండి. ఆరో వారానికి మీ ఇద్దరూ ఇంకా నవ్వుతూ పుస్తకం తెరుస్తుంటే ముందుకు సాగండి. లేకపోతే రెండు గంటల చొప్పున ఆరు వారాలే ఖర్చయ్యాయి. ఒక బాల్యం ఖర్చు కాలేదు.

ముందుకు సాగినా ఏడాదికే ఒప్పందం చేసుకోండి. ఏప్రిల్ నెలలో ఆ కాగితం మళ్ళీ తీసి, ఏమి నేర్చాడు, ఏమి నేర్వలేదు, ఎంతమంది స్నేహితులున్నారు, మీ ఆరోగ్యమెలా ఉన్నది, బాంకులో ఎంత మిగిలింది, వ్రాసుకోండి. బాగుంటే ఇంకో ఏడాది. బాగాలేకపోతే బడిలో చేర్పించండి. అది ఓటమి కాదు. చర్చిలో నలుగురూ ఏమనుకుంటారోనని పిల్లవాడి ఏడాదిని తాకట్టు పెట్టడమే ఓటమి.

చివరికి బడి పెద్దదా, ఇల్లు పెద్దదా అన్నది కాదు ప్రశ్న. మంచి ఇంటి నుంచి బడికి వెళ్ళిన బిడ్డ ఇంటిని వెంట తీసుకుపోతాడు. మంచి బడి అయిన ఇంట్లో పెరిగిన బిడ్డ లోకంలోకి భయం లేకుండా అడుగు పెడతాడు. రెండూ చూశాము. చూడకూడనిది ఒక్కటే – పెద్దల పట్టుదలల మధ్య పిల్లను అడగడం మరచిపోయిన ఇల్లు. ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయినీ, అబ్బాయినీ అడగండి. వారి జవాబు విన్నాక, మీకు తోచిన నిర్ణయం వివరంగా వ్రాయండి. అత్తగారి నిర్ణయం కూడా వ్రాయడం మరచిపోకండి.